ఊరి కోసం నలుగురు – 4వ భాగం: సర్కారు హుకుంను తెలుగు చేసిన సంఘం

పోయిన భాగంలో రావిచెట్టు రంగారావు గారి కథ దగ్గర ఆగాం. నల్లగొండ జిల్లా దండంపల్లి నుంచి వచ్చిన ఆయన 1901 సెప్టెంబర్ 1న హైదరాబాద్‌లోని తన ఇంట్లోనే శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయానికి చోటిచ్చాడు. కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు ఆయనకు తోడు నిలిచారు. 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం, ఆ మరుసటేడు సికింద్రాబాద్‌లో ఆంధ్ర సంవర్ధనీ గ్రంథాలయం వెలిశాయి. 1910లో, నడివయసు కూడా రాకముందే రంగారావు కన్నుమూశాడు. ఆయన వెలిగించిన దీపాలు ఆరిపోలేదు గానీ, ఎక్కడివక్కడే వెలుగుతుండేవి. ఒక ఊరి గ్రంథాలయం వాళ్లకు మరో ఊరి గ్రంథాలయం వాళ్లతో ఉత్తరాల పరిచయం ఉంటే ఉన్నట్టు, లేకుంటే లేదు. అన్నిటినీ కలిపే తాడు కావాలి. ఆ తాడు ఒక అవమానం నుంచి పుట్టింది.

1921 నవంబర్ 12. హైదరాబాద్ వివేకవర్ధిని ఆవరణలో నిజాం రాష్ట్ర సంఘ సంస్కరణ సభ జరుగుతోంది. స్త్రీవిద్య కోసం జీవితాన్ని ధారపోసిన మహర్షి ధోండో కేశవ కర్వే పుణె నుంచి వచ్చి అధ్యక్షత వహించాడు. ఇంగ్లీషులో మాట్లాడినవాళ్లను, ఉర్దూలో మాట్లాడినవాళ్లను, మరాఠీలో మాట్లాడినవాళ్లను సభ చక్కగా విన్నది. వకీలు ఆలంపల్లి వెంకటరామారావు లేచి తెలుగులో మొదలుపెట్టేసరికి గోల మొదలైంది. కేకలు, చప్పట్లు, ఎగతాళి. ఆయన మాట పూర్తి చేయలేకపోయాడు. చదువుకున్నవాళ్లు, సంస్కరణ కోరి వచ్చినవాళ్లు నిండిన సభ అది. ఆ రాజ్యంలో జనాభా లెక్కన అందరికంటే ఎక్కువమంది మాట్లాడే భాష తెలుగే. అలాంటి చోట ఇలా జరిగింది.

ఆ రాత్రే టేకుమాల రంగారావు ఇంట్లో తెలుగువాళ్లు కొందరు కూర్చున్నారు. మాడపాటి హనుమంతరావు, బూర్గుల రామకృష్ణారావు, మందుముల నరసింగరావు, ఆదిరాజు వీరభద్రరావు, పొద్దున అవమానం పడ్డ వెంకటరామారావు, ఇంకొందరు. తెల్లారేలోపు ఆంధ్ర జన సంఘం పుట్టింది. అప్పట్లో ఆంధ్రులంటే తెలుగు మాట్లాడేవాళ్లని అర్థం. ఏ జిల్లావాళ్లు, ఏ రాజ్యంవాళ్లు అన్న లెక్క అందులో లేదు.

అక్కడ ఉన్నవాళ్లంతా సభలో గోల చేసిన మరాఠీవాళ్ల మీద కోపంతోనే ఉండిపోయి ఉంటే సంఘం ఏడాది తిరక్కుండానే చెదిరిపోయేది. వాళ్లు అలా చేయలేదు. అదే సంస్కరణోద్యమంలో ముందు నిలిచిన వామన్ నాయక్ లాంటి పెద్దలతో స్నేహం నిలుపుకున్నారు. తర్వాతి రోజుల్లో తెలుగువాళ్ల గ్రంథాలయ సభకు ఆయననే అధ్యక్షుడిగా పిలిచారు. ఆ సభ సంగతి చివర్లో వస్తుంది. పగను పక్కన పెట్టి పనిని ముందుకు తెచ్చిన ఈ తీరు వెనుక మాడపాటి చెయ్యి స్పష్టంగా కనిపిస్తుంది.

ఆయన గురించి రెండు మాటలు చెప్పాలి. 1885లో కృష్ణా జిల్లా నందిగామ తాలూకాలో పుట్టినా, పసితనంలోనే మేనమామ దగ్గరికి వచ్చి సూర్యాపేటలో అక్షరాలు దిద్దాడు, హనుమకొండలో చదువు సాగించాడు. ఉర్దూ, పారశీకం బాగా వచ్చు. ఉర్దూ పత్రికలకు రాసేవాడు, ప్రేమ్‌చంద్ కథలను తెలుగు చేశాడు. వకాలతు చేస్తూ సర్కారు కాగితాల భాషను ఔపోసన పట్టాడు. పరమ నెమ్మది మనిషి. గట్టిగా మాట్లాడితే సంఘానికి తాళం పడుతుందని తెలిసినవాడు. తర్వాత వచ్చిన కుర్రకారు ఆయన నెమ్మదిని చూసి విసుక్కున్నారు. ఆ విసుగులో న్యాయం ఉంది. కానీ 1921లో ఆ నెమ్మది లేకపోతే సంఘమే ఉండేది కాదు. అదే ఏడు నుంచి రాజకీయ వాసన తగిలే సభలకు ముందస్తు అనుమతి తప్పనిసరి అయింది. అందుకే సంఘం తనకు తానే ఒక కట్టుబాటు పెట్టుకుంది. రాజకీయం ముట్టదు. గ్రంథాలయాలు, పఠన మందిరాలు, పాఠశాలలు పెడుతుంది. చదువుకునే పిల్లలకు సాయపడుతుంది. పండితులను గౌరవిస్తుంది. శాసనాలు, తాళపత్రాలు సేకరిస్తుంది. చిన్న చిన్న పుస్తకాలు అచ్చువేసి పంచుతుంది.

ఈ జాబితా చూస్తే ఇప్పటి సేవా క్లబ్బుల వార్షిక కార్యక్రమం గుర్తొస్తుంది. కాలం కూడా అలాంటిదే. సముద్రాల అవతల చికాగోలో పాల్ హారిస్ అనే న్యాయవాది 1905లో ముగ్గురు స్నేహితులతో రోటరీని మొదలుపెట్టాడు. అదే ఊళ్లో 1917లో మెల్విన్ జోన్స్ చొరవతో లయన్స్ క్లబ్బులు ఒక్కటయ్యాయి. ఆ ఊళ్లో వ్యాపారస్తులు తీరిక వేళ కలుసుకుని ఊరికి మంచి చేయాలనుకున్నారు. ఇక్కడివాళ్లు సొంత భాషలో ఒక మాట చెప్పనివ్వని రాజ్యంలో ఒక ఇంటి గదిలో చేరారు. రెండూ స్వచ్ఛంద సేవే అయినా మన సంఘానికి మొదటి నుంచే భయం పొంచి ఉంది, అదే మాటల్లో పొదుపు నేర్పింది.

కేంద్రం హైదరాబాద్‌లో ఉంటే చాలదు కదా. ఊళ్లకు చేరడం ఎలా? ఇక్కడ కథ నల్లగొండకు మళ్లుతుంది.

అప్పటి నల్లగొండకు రైలు లేదు. బీబీనగర్ నుంచి నడికుడి దాకా రైలు దారి పడింది మన కాలంలో, 1980ల చివరికి. 1920లలో రైలెక్కాలంటే భువనగిరికో ఆలేరుకో వెళ్లాలి. లేదంటే హైదరాబాద్ నుంచి చౌటుప్పల్, చిట్యాల మీదుగా వచ్చే బాట. నార్కట్‌పల్లి దగ్గర ఆ బాట చీలుతుంది. తిన్నగా పోతే కట్టంగూరు, నకిరేకల్, సూర్యాపేట. దక్షిణానికి తిరిగితే చెర్వుగట్టు జడల రామలింగేశ్వరుడి గుట్టను దాటి నల్లగొండ. ఇవాళ ఆ కూడలి దాటేవాళ్లకు కామినేని ఆస్పత్రి, వైద్య కళాశాల కనిపిస్తాయి. నూరేళ్ల కిందట అది బండ్లు నడిచే దారి. ఎండాకాలం దుమ్ము, వానాకాలం బురద. జిల్లాలో చదవనూ రాయనూ వచ్చినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. రాజ్యం మొత్తం మీదే నూటికి అయిదుగురు కూడా అక్షరాస్యులు లేని రోజులు. కచేరీలో ఉర్దూ, బడిలో ఉర్దూ. 1918లో పెట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ ఉర్దూనే.

అలాంటి నల్లగొండలో 1922 ఆగస్టు 24న ఒక తెలుగు వారపత్రిక బయటికొచ్చింది. పేరు నీలగిరి. దాన్ని నడిపినవాడు షబ్నవీసు వెంకటరామ నరసింహారావు. మూడు రోజుల తేడాతో, ఆగస్టు 27న, ఓరుగల్లు వైపు ఇనుగుర్తి అనే పల్లెటూరు నుంచి తెనుగు పత్రిక మొదలైంది. ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు సోదరులు దానికి కర్తలు. ఇనుగుర్తిలో రాయడం, అక్షరాలు కూర్చడం, అచ్చువేయడం, మడతపెట్టి చిరునామాలు రాసి టపాకు పంపడం అన్నీ ఆ అన్నదమ్ములే చేసుకునేవాళ్లు. నల్లగొండలో షబ్నవీసు అంతే తపనతో పనిచేశాడు. పట్నంలో ఆంధ్ర సరస్వతీ గ్రంథ నిలయానికి ఊపిరి పోసిందీ ఆయనే. జిల్లా పట్నానికి రైలు లేకున్నా పత్రిక ఉందంటే ఎంత మొండి పట్టుదల కావాలో ఊహించుకోవచ్చు.

పత్రిక ఒక ఊరికి చేరితే దాన్ని చదివేది ఒకరే, వినేది పదిమంది. దీపాల వేళ అరుగు మీద అక్షరం వచ్చినవాడు గొంతెత్తి చదువుతుంటే, నాగలి దింపి వచ్చినవాళ్లు, మగ్గం మీంచి లేచి వచ్చినవాళ్లు చుట్టూ కూర్చునేవాళ్లు. మధ్యలో ఆపి అర్థం అడిగేవాళ్లు. వాదించుకునేవాళ్లు. పఠన మందిరం అంటే నాలుగు బీరువాలు, బల్ల అన్న అర్థం పట్నంలో. పల్లెలో ఆ అరుగే పఠన మందిరం.

రెండు పత్రికలూ ఎక్కువ కాలం నిలవలేదు. చందా కట్టి చదవగలిగినవాళ్లే తక్కువ. కానీ అవి వేసిన బాట మీదే 1926 మే 10న సురవరం ప్రతాపరెడ్డి సంపాదకుడిగా గోలకొండ పత్రిక వచ్చి పాతుకుపోయింది.

ఊరూరా సంఘాలు పెరిగేసరికి వాటిని కలిపే ఏర్పాటు అవసరమైంది. 1923లో హనుమకొండలో ప్రతినిధులు కలిసి ఆంధ్ర జన కేంద్ర సంఘం ఏర్పరచుకున్నారు. మాడపాటి కార్యదర్శి. మరుసటేడు, 1924లో, రెండో సమావేశం మన నల్లగొండలో జరిగింది. షబ్నవీసు, ఆయన మిత్రులు దాని బరువు మోశారు. రాజధాని కాదు, రైలు లేదు, అయినా కేంద్ర సంఘం రెండో ఏటనే ఇక్కడికి వచ్చింది. దీన్ని నేను చిన్న విషయంగా చూడను. సంఘం హైదరాబాద్ వకీళ్ల కాలక్షేపం కాదని రుజువైంది ఇక్కడే.

ఇక అసలు పని గురించి చెప్పాలి. ఈ భాగం రాయడానికి నన్ను కూర్చోబెట్టింది అదే.

ఒక సర్కారు అధికారి దౌరా మీద వస్తున్నాడని ఊరికి కబురు అందిందనుకోండి. గిర్దావరు కావచ్చు, తహసీల్దారు కావచ్చు, పోలీసు అమీను కావచ్చు. పోలీసు పటేలు, మాలీ పటేలు, పట్వారీ ముందురోజు నుంచే ఊరిని పనికి పురమాయించేవాళ్లు. కుమ్మరి కుండలు తెచ్చి పెట్టాలి. గొల్లవాళ్లు మేకనో గొర్రెనో తోలుకురావాలి. కోమటి బియ్యం, పప్పు, నెయ్యి, పంచదార రసదు కింద పంపాలి. డబ్బులిచ్చినా ఇవ్వకున్నా నోరెత్తకూడదు. చాకలి నీళ్లు మోయాలి, బట్టలు ఉతకాలి, రాత్రి దివిటీ పట్టాలి. రైతు తన ఎడ్లబండి కట్టాలి, అది దుక్కుల అదునైనా సరే. మాల మాదిగలు పెట్టెలు, మంచాలు నెత్తిన పెట్టుకుని పక్క ఊరి పొలిమేర దాకా దించి రావాలి. అక్కడ మార్చుకునే మనిషి రాకపోతే ఆ పై ఊరికీ వాళ్లే. కూలి మాట ఎత్తితే దెబ్బలు. దీని పేరే వెట్టి. అధికారి పోయిన తర్వాత దొర ఇంట్లో పెళ్లికీ, చావుకూ, పండక్కీ ఇదే వెట్టి మళ్లీ మొదలు.

ఊళ్లో అందరూ నమ్మిన మాట ఒకటే. ఇది సర్కారు హుకుం.

మాడపాటి సర్కారు కాగితాలను తిరగేసి చూస్తే వేరే సంగతి బయటపడింది. కూలి ఇవ్వకుండా పని చేయించుకోవద్దని, సరుకుకు ధర చెల్లించాలని నిజాం ప్రభుత్వమే ఉత్తర్వులు ఇచ్చి ఉంది. అవి ఉర్దూలో ఉన్నాయి. కచేరీ బీరువాల్లో ఉన్నాయి. వెట్టి చేసేవాడికి ఆ భాష రాదు. చేయించుకునేవాడికి వాటిని చదివి వినిపించాల్సిన అవసరం లేదు. సంఘం ఆ ఉత్తర్వులను ఏరి, తెలుగులోకి మార్చి, వెట్టిచాకిరీ మీద చిన్న పుస్తకంగా అచ్చువేసి ఊళ్లకు పంపింది. వర్తక స్వాతంత్ర్యం మీద, వృత్తులవాళ్ల మీద పడే మొహతర్ఫా పన్ను మీద కూడా అలాంటి పుస్తకాలే వేసింది.

ఆ పుస్తకాల్లో వీరావేశం లేదు. ఏ తేదీ ఉత్తర్వు, ఏమంది, ఎవరికి వర్తిస్తుంది, అంతే. ఆ పొడి మాటలే పల్లెలో పిడుగయ్యాయి. సర్కారు మీద తిరగబడమని ఎవరూ చెప్పలేదు. సర్కారు మాటనే సర్కారు నౌకరుకు చదివి వినిపించమన్నారు. పుస్తకం పట్టుకున్నవాడిని రాజద్రోహి అనడానికి వీల్లేదు, అందులో ఉన్నది రాజుగారి ఉత్తర్వే. రాజకీయం ముట్టనని ప్రమాణం చేసిన సంఘం ఆ కాలంలో చేసిన అతి పెద్ద రాజకీయపు పని ఇదేనని నా నమ్మకం. సేవ అంటే మనం ఉన్నదాంట్లోంచి కొంత లేనివాడికి ఇవ్వడం అని ఎక్కువమంది అనుకుంటారు. వీళ్లు ఇచ్చింది తమది కాదు. అది వెట్టి చేసేవాళ్లకు ఎప్పుడో దక్కాల్సిందే, మూసిపెట్టిన తలుపు తీశారు.

వర్తకులు త్వరగా కదిలారు. వాళ్లకు లెక్క రాయడం వచ్చు, ఎంత సరుకు పోయిందో చిట్టాలో ఉంటుంది. రసదు పేరుతో ఉచితంగా పోతున్న సరుకును ఆపడానికి కలిసి నిలబడాలన్న మాట వాళ్లకు ఇట్టే ఎక్కింది. వర్తక సంఘాలు పుట్టాయి. గ్రంథాలయాలకు, సభలకు చందాలు ఇచ్చినవాళ్లలో వాళ్లు ముందున్నారు. మాల మాదిగ పేటలకు, చాకలి వాడకు ఈ ధైర్యం చేరడానికి చాలా ఆలస్యమైంది. చిట్టా లేనివాడి కష్టానికి సాక్ష్యం ఎక్కడుంటుంది? ఇంకో చిక్కు కూడా ఉంది. సంఘంలో తిరిగిన పెద్దల్లో దేశ్‌ముఖుల, పటేళ్ల, పట్వారీల ఇళ్లవాళ్లు తక్కువేమీ కాదు. అధికారి చేయించే వెట్టిని ఖండించడం వాళ్లకు సులువు. సొంత గడీలో జరిగే వెట్టి గురించి నోరు విప్పడం కష్టం. ఈ చీలిక ఆనాడు పైకి కనపడలేదు. ఇరవై ఏళ్ల తర్వాత భువనగిరిలో బద్దలైంది. ఆ ఘట్టం దగ్గరికి రావడానికి మనకింకా కొన్ని భాగాలు పడుతుంది.

ఈ పెద్దల గదికి బయట ఇంకొక సేవా సంఘం ఎప్పుడో పని మొదలుపెట్టిందని మరవకూడదు. హైదరాబాద్ దళిత వాడల్లో భాగ్యరెడ్డి వర్మ 1906లోనే జగన్మిత్ర మండలి పెట్టి, హరికథలు చెప్పిస్తూ జనాన్ని చేరదీశాడు. 1911లో మన్య సంఘం, ఆ తర్వాత ఆది హిందూ సంఘసేవ. దళిత పిల్లలకు తెలుగు బడులు నడిపాడు, జోగినీ ఆచారం మీద, తాగుడు మీద పోరాడాడు. 1917లో బెజవాడలో జరిగిన పంచమ మహాజన సభకు అధ్యక్షత వహించాడు. అక్కడే ఆది ఆంధ్ర అన్న పేరు ముందుకొచ్చింది. తెలుగు మాట కోసం జనసంఘం పుట్టడానికి పదిహేనేళ్ల ముందే ఆయన తెలుగులో పని చేస్తున్నాడు. ఈ రెండు దారులూ ఒకే వేదిక మీద కలవడానికి దశాబ్దం ఆగాల్సి వచ్చింది. కలిసిన రోజున ఏమైందో వచ్చే భాగంలో చూద్దాం.

సర్కారు చూస్తూ ఊరుకోలేదు. 1924లో ఖాంగీ పాఠశాలల మీద నిబంధనలు వచ్చాయి. అనుమతి లేకుండా ప్రైవేటు బడి నడపడానికి వీల్లేదు. పంతులు ఇంటి అరుగు మీద పదిమంది పిల్లలకు ఓనమాలు దిద్దించినా అది నేరం కిందికి వస్తుంది. అలా ఎన్నో వీధి బడులు మూతబడ్డాయి. సభల మీద ఆంక్షలూ ఏడాదికేడాది బిగిశాయి. చివరికి గస్తీ నిషాన్ 53 అన్న ఉత్తర్వు పేరు వింటేనే కార్యకర్తలు ఉడికిపోయే దాకా వచ్చింది. గ్రంథాలయం పెట్టాలన్నా పోలీసు వాకబు. పుస్తకాల జాబితా చూపించాలి, సభ్యుల పేర్లు చెప్పాలి.

అయినా పని ఆగలేదు. కొమర్రాజు లక్ష్మణరావు 1923లో పోయాక ఆయన పేరుతో లక్ష్మణరాయ పరిశోధక మండలి ఏర్పడి శాసనాల సేకరణ సాగించింది. ఆదిరాజు వీరభద్రరావు లాంటివాళ్లు ఊళ్లు తిరిగి రాళ్ల మీది అక్షరాలు ఎత్తి రాసుకున్నారు. ఆ కృషి తెలంగాణా శాసనములు పుస్తకంగా 1935లో అచ్చయింది. 1928లో మాడపాటి చొరవతో హైదరాబాద్‌లో తెలుగులో చదువు చెప్పే బాలికల పాఠశాల మొదలైంది. ఇప్పటికీ నారాయణగూడలో ఆయన పేరుతో ఆ బడి ఉంది. ఉర్దూ రాకుంటే చదువే లేదన్న రోజుల్లో ఆడపిల్లలకు అమ్మ భాషలో బడి పెట్టడం ఎంత సాహసమో ఇప్పుడు ఊహించడం కష్టం.

అదే 1928లో కేంద్ర సంఘం, గ్రంథాలయ సభ రెండూ సూర్యాపేటకు వచ్చాయి. మాడపాటి అక్షరాలు దిద్దిన ఊరు. గ్రంథాలయ సభకు వామన్ నాయక్ అధ్యక్షుడు. తెలుగు మాటను గోల చేసి దింపేసిన రోజుకు ఏడేళ్లు నిండకముందే తెలుగువాళ్ల సభకు మరాఠీ పెద్దమనిషి అధ్యక్షుడిగా కూర్చున్నాడు. ఆనాటి కార్యకర్తల మనసు ఎంత పెద్దదో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి సాక్ష్యం దొరకలేదు.

నకిరేకల్ ప్రాంతంలోని చెరువు మాదారంలో పుట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి ఆ ఏటికి పదమూడేళ్ల పిల్లవాడు. తండ్రి లేడు, ఇంట్లో పేదరికం. ఒక ఉపాధ్యాయుడికి వంట చేసిపెడుతూ ఆయన దగ్గర చదువుకున్నాడు. ఈ సంఘాలు ఊళ్లలో నాటిన గ్రంథాలయాలే అతని విశ్వవిద్యాలయం కాబోతున్నాయి. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు మోసుకుంటూ గడప గడపకూ తిరిగే రోజు ఇంకా పదేళ్ల దూరంలో ఉంది.

సూర్యాపేట నుంచి ఇళ్లకు మళ్లేనాటికి ఒక సంగతి అందరికీ తేటపడింది. పుస్తకాలు, ఉత్తర్వుల తర్జుమాలు ఒక మేరకే పనికొస్తాయి. జనం వేలల్లో ఒకచోట చేరి తమ కోరికలను తీర్మానాలుగా చెప్పుకోవాలి. ఆ ఆలోచన 1930 మార్చిలో మెదక్ జిల్లా జోగిపేటలో మొదటి నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభగా నిలబడింది. అధ్యక్షుడు సురవరం ప్రతాపరెడ్డి. పక్కనే మహిళా సభ, దానికి నడింపల్లి సుందరమ్మ అధ్యక్షురాలు. మరుసటేడు మహాసభ నల్లగొండ జిల్లా దేవరకొండకే వచ్చింది, బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షతన. ఆ సభలకు అనుమతి తెచ్చుకోవడానికి పడిన పాట్లు, భాగ్యరెడ్డి వర్మ రాకతో లేచిన వాదం, వితంతు వివాహం మాట ఎత్తగానే పందిట్లో రేగిన కలకలం, వాటన్నిటి మధ్య దేవరకొండలో తెలుగు ఆడవాళ్లు వేదికెక్కి మాట్లాడిన తీరు వచ్చే భాగంలో.